సీసా కూడా మన సరుకే



పొదుపులు, అప్పులు, వసూళ్ల గురించి ఇప్పటిదాకా మాట్లాడుకున్నాం. ఇప్పుడు మనం అమ్మే సరుకులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వస్తువు గురించి చెప్పుకుందాం. అదే సీసా.

ఉద్దానం కొబ్బరితో తలనూనె తీస్తున్నాం. సున్నిపిండి, శీకాయ పొడి, సబ్బులు చేస్తున్నాం. దినుసు ఎంచడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బూజు పట్టిన కొబ్బరి చిప్ప ఒక్కటి కనబడినా తీసి పక్కన పడేస్తాం. మరి అంత జాగ్రత్తగా తీసిన నూనెని ఏ సీసాలో పోస్తున్నాం? బజార్లో ఏది చౌకగా దొరికితే అందులోనే కదా!

వలస అంటే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి కొత్త మాట కాదు. పని కోసం మనుషులు వలస పోయినట్టే, ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు కూడా సీసా గోడ నుంచి లోపలి సరుకులోకి వలస పోతాయి. ప్లాస్టిక్ మెత్తబడడానికి, రంగు రావడానికి, పెళుసెక్కకుండా ఉండడానికి రకరకాల రసాయనాలు కలుపుతారు. పీవీసీని మెత్తగా చెయ్యడానికి వాడే థాలేట్లు అలాంటివే. వాటికి నూనె అంటే ఇష్టం. అందుకే నీళ్లలోకి కంటే నూనెలోకి ఎక్కువగా దిగుతాయి. వేడి పెరిగితే ఇంకా జోరుగా దిగుతాయి. ఎక్కువ రోజులు నిలవుంటే అంతకంతకూ చేరతాయి. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా నిలవుండే నూనె సీసాని ఒకసారి తలుచుకోండి. సున్నిపిండి లాంటి పొడి సరుకులో ఈ బాధ తక్కువ. కాబట్టి ముందు చూసుకోవాల్సింది నూనే.

సీసా అడుగున త్రిభుజంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్, 2 అంటే హెచ్‌డీపీఈ, 3 అంటే పీవీసీ, 5 అంటే పీపీ. ఆ అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెప్తుంది, అంతే. అది మంచిదని రాసిచ్చిన సర్టిఫికెట్టు కాదు. మంచిదో కాదో తేలాలంటే పరీక్ష చెయ్యాలి.

తినే సరుకులు నింపే ప్లాస్టిక్‌కి మన దేశంలో ఐఎస్ 9845 అనే పరీక్షా పద్ధతి ఉంది. సరుకుకి బదులు దాని స్వభావానికి దగ్గరగా ఉండే ద్రవాన్ని వాడతారు. నీటి సరుకైతే శుద్ధి చేసిన నీరు, పులుపు సరుకైతే పలచని ఎసిటిక్ ఆమ్లం, నూనె సరుకైతే హెప్టేన్. ఎక్కువ కాలం నిలవుండే వాటికి 40 డిగ్రీల వేడిలో 10 రోజులు ఉంచే పద్ధతి ఉంది. తర్వాత ద్రవాన్ని ఆవిరి చేసి, మిగిలిన మడ్డిని తూకం వేస్తారు. 2018 నాటి ఆహార ప్యాకింగ్ నిబంధనల ప్రకారం కిలోకి 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది మొత్తం ఎంత దిగిందో చెప్తుంది. దిగింది ఏ రసాయనమో తెలియాలంటే వేరే పరీక్ష కావాలి.

తలనూనె తినేది కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, అది సౌందర్య సాధనాల కిందికి, అంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కిందికి వస్తుంది. తయారీకి లైసెన్సు ఉండాలి, లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా ఉండాలి. కానీ అదే కొబ్బరినూనెని కొన్ని ఇళ్లల్లో కూరలోనూ వేస్తారు, పసిబిడ్డ ఒంటికీ రాస్తారు. అందుకని తినే సరుకుకి పెట్టిన హద్దునే మన నూనెకీ పెట్టుకుందాం. యూరప్‌లో అయితే 2009 చట్టం ప్రకారం, సౌందర్య సాధనం భద్రతా నివేదికలో ప్యాకింగ్ పదార్థం వివరాలు కూడా రాయాల్సిందే.

ఇంటి దగ్గర చేసుకోగలిగే పని కూడా ఒకటుంది. ఒకే రోజు తీసిన నూనెని ఒక గాజు సీసాలో, మనం అమ్మే సీసాలో పోసి, రెండు నెలలు పక్కపక్కన ఉంచండి. వాసన, రంగు పోల్చి చూడండి. సీసా మెత్తబడిందా, వంకర పోయిందా, మూత లోపలి బిళ్ల ఉబ్బిందా గమనించండి. తేడా కనబడితే ఆ సీసా వద్దు. తేడా కనబడలేదని మాత్రం రసాయనాలు దిగలేదని అనుకోకూడదు. వాటికి రంగూ వాసనా ఉండకపోవచ్చు.

గాజు మంచిదే, కానీ బరువు. ఆటో కుదుపులకి పగులుతుంది. మనకి అన్నిటికీ గాజు కుదరదు. అందుకే కార్యవర్గం తరఫున మీ ముందు మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి, వాడేసిన సీసాల్లో సరుకు నింపడం ఏ సంఘంలోనూ ఉండకూడదు. అందులో ఇంతకు ముందు ఏం పోశారో మనకి తెలీదు.

రెండు, సీసాలు ఎవరికి వారు కాకుండా సమాఖ్య ద్వారా ఒకే రకం కొందాం. పరీక్ష రిపోర్టు చూపించినవాళ్ల దగ్గరే కొందాం. ఆ రిపోర్టు మనం కొనే రకం సీసాదేనా, నూనె సరుకుకి చేసిందేనా అని చూద్దాం.

మూడు, మనం ఎంచుకున్న సీసాని మనమే ఒకసారి పరీక్షకి పంపుదాం. ప్లాస్టిక్ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్‌కి విజయవాడ దగ్గర, హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. పది మంది సంఘానికి ఆ ఖర్చు బరువే. అన్ని సంఘాలూ పంచుకుంటే మొయ్యగలం. సీసా రకం మారినా, అమ్మేవాళ్లు మారినా మళ్లీ పంపాలి.

సీసా ధర కొంచెం పెరుగుతుంది. ఆ మాట దాచడం లేదు. "ఏటప్పా, సీసాకే ఇంత పోస్తే మనకేటి మిగుల్తాది?" అని అడిగేవాళ్లు అడగండి, లెక్క వేసి చూసుకుందాం. అయితే కొనేవాళ్లకి నూనె వేరు, సీసా వేరు కాదు. లేబుల్ మీద ఉండేది మన సంఘం పేరే. ఇది మీ సంఘాల్లో చర్చించి, వచ్చే సమావేశానికి మీ నిర్ణయం తీసుకురండి.