వేలిముద్ర మన తాళంచెవి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు విన్నారు. నేను చెప్పబోయేది వేరే లెక్క. కష్టపడి ఖాతాలో వేసుకున్న డబ్బు మన చేతికే రావాలంటే ఏం చెయ్యాలనేది.

మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు వేలిముద్రతో పాత పరిచయం ఉంది. ముప్పై ఏళ్ల కిందట అక్షరదీపం రాత్రి బడుల్లో పలకాబలపం పట్టి, వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నాం. ఆ చదువులోంచే దూబగుంటలో సారా మీద తిరుగుబాటు లేచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే రూపాయి పొదుపు లక్ష్మి సంఘాల్లోకి మళ్లింది. బ్యాంకు పుస్తకం మీద సంతకం పెట్టిన రోజు మన అమ్మలకు ఎంత గొప్పగా ఉండిందో మీకు తెలుసు.

ఇప్పుడు డిగ్రీ చదివిన పిల్ల దగ్గర కూడా మిషన్ మళ్లీ వేలిముద్రే అడుగుతోంది. అయితే తేడా ఉంది. అప్పుడు వేలిముద్ర అంటే చదువు రాదని గుర్తు. ఇప్పుడు అది మన ఖాతా తాళంచెవి.

ఎట్లాగంటే, ఊళ్లో చిన్న మిషన్ పెట్టుకుని డబ్బులిచ్చేవాళ్లు ఉంటారు కదా. అక్కడ ఆధార్ నంబరు చెప్తారు, బ్యాంకు పేరు చెప్తారు, వేలు పెడతారు. అంతే, డబ్బు వస్తుంది. పిన్ నంబరు లేదు, ఓటీపీ లేదు. పట్నం దాకా పోలేని ముసలమ్మకు అది నిజంగా మేలే. కానీ ఆ మూడూ వేరేవాళ్ల చేతికి చిక్కితే, మన ఊరు రాకుండానే మన డబ్బు తీసుకోవచ్చు.

వేలిముద్ర ఎట్లా చిక్కుతుంది అంటారా? 2018లో తెలంగాణలో, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు తీసుకున్నాడు. వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లాగా చేసి, వాళ్లకు తెలియకుండా వేల సిమ్‌లు తెరిచాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. వాళ్లు మన ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల మీది ముద్రలతోనే నకిలీ వేళ్లు తయారుచేసి ఖాతాల్లో డబ్బు తీశారు. దస్తావేజు మీద ముద్ర ఉంది, ఆధార్ నంబరూ ఉంది. ఇంకేం కావాలి వాళ్లకి? ఏటీఎం పిన్ పోతే మార్చుకుంటాం. ఇంటి తాళం పోతే కొత్తది కొంటాం. వేలు మార్చుకోలేం కదమ్మా.

అందుకని నాలుగు పనులు చెప్తాను, రాసుకోండి.

ఒకటి. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. లాక్ వేస్తే మన వేలు పెట్టినా పనిచెయ్యదు, దొంగది అసలే పనిచెయ్యదు. పింఛన్ రోజున, రేషన్ రోజున కాసేపు తెరుచుకుని మళ్లీ వేసుకోవాలి. ఇది మర్చిపోతే రేషన్ దగ్గర ఇబ్బంది పడతారు, అందుకే ముందే చెప్తున్నా. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు కలిసి ఉంటేనే ఇది కుదురుతుంది.

రెండు. ఖాతాకి ఎవరి నంబరు ఇచ్చారో ఈ వారమే చూసుకోండి. కొడుకు నంబరో, మరిది నంబరో ఇచ్చి ఉంటారు. వాళ్లు పనికి బెంగళూరు పోతే మెసేజ్ అక్కడికే పోతుంది. డబ్బు పోయిన సంగతి మీకు నెల తర్వాత తెలుస్తుంది.

మూడు. మిషన్ దగ్గర ‘ముద్ర పడలేదు, ఇంకోసారి పెట్టమ్మా’ అంటే ఆగండి. మొదటిసారి ఏమైందో తెరమీద చూపించమనండి, రసీదు అడగండి. పెట్టిన ప్రతిసారీ డబ్బు పోయి ఉండొచ్చు. అడగడానికి మొహమాటం వద్దు, అది మన డబ్బు.

నాలుగు. ఆధార్ జిరాక్స్ అడిగినచోటల్లా ఇచ్చెయ్యకండి. చివరి నాలుగు అంకెలే కనపడే ఆధార్ కాపీ కూడా దొరుకుతుంది. ఈ మాట మన సంఘాలకి కూడా వర్తిస్తుంది. మన ఆఫీసుల్లో సభ్యుల జిరాక్సులు కట్టలు కట్టలుగా బల్లల మీద ఉంటాయి. అవి బీరువాలో ఉండాలి. పనైపోయినవి చించెయ్యాలి, పకోడీల పొట్లం కాకూడదు.

మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ సాయం ఎప్పుడు పడుతుందా అని మనం చూస్తుంటాం. మోసగాడూ పేపరు చదువుతాడు. ‘మీ డబ్బు ఆగింది, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ వస్తే పెట్టెయ్యండి. డబ్బు వేసేవాళ్లకు మన ఓటీపీతో పని లేదు.

ఇంత చేసినా పోతే? వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకు కాగితం రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా జరిగిన మోసాన్ని, మెసేజ్ వచ్చాక 3 పనిదినాల్లోపు తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నియమం పెట్టింది. అంటే ఆలస్యమే మనకు శత్రువు.

ఆ ఆలస్యం ఎందుకవుతుందో మనందరికీ తెలుసు. ఇంట్లో తిడతారని. ‘నీకు ఫోనెందుకు’ అంటారని. అందుకే ఇది ఒక్కో మనిషి పని కాదు, సంఘం పని. పోయిందని చెప్పిన ఆమెను ఎవరూ తప్పుపట్టకూడదు. పక్కన ఒకరు కూర్చుని 1930కి కలపాలి, ఇంకొకరు బ్యాంకుకు తోడు పోవాలి. నెల సమావేశంలో పొదుపు రాసేటప్పుడే అందరి బ్యాంకు మెసేజ్‌లు ఒకసారి చదివించండి. చదువుకునే పిల్లలు మన ఇళ్లల్లో ఉన్నారు.

ఈ రెండు మాటలూ, తాళం వెయ్యడం, మెసేజ్‌లు చదవడం, ఇవాళే తీర్మానంగా రాసుకోమని సమాఖ్యను కోరుతున్నాను. భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గర ఉంటాను. ఆధార్‌కి నంబరు కలిసి ఉన్నవాళ్లు ఫోన్ తీసుకుని రండి, లాక్ మీ చేత్తోనే వేయిస్తాను. సెలవు.