గైడు చదివితే పాసవుతాం, పుస్తకం చదివితే?

డిగ్రీ పిల్లలకు చదివే ఆసక్తి లేదంటున్నారు. ఎట్లుంటది? పరీక్షకు వారం ముందు గైడు బట్టీ పడితే పాసవుతున్నాం. లైబ్రరీలో కూర్చొని పుస్తకం చదివినోళ్లకు ఒక్క మార్కు ఎక్కువ రాదు.

కానీ 1/70, 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం గైడులో రెండు లైన్లు చదివితే అర్థం కావు. పోడు పట్టా దరఖాస్తును సబ్‌డివిజన్ కమిటీ తిరస్కరిస్తే, 60 రోజుల్లోపు జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. చట్టం చదవనోళ్ల ఇంట్లో ఆ గడువు ఊరికే దాటిపోతది.

అందుకే అడుగుదాం: ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని పుస్తకం చదివినందుకు ఇవ్వాలి. చదివింది కోయలో చెప్పినా, గోండిలో చెప్పినా లెక్కలోకి తీసుకోవాలి.

అప్పటిదాకా ఆగొద్దు. ఈ ఆదివారం మీ గూడెంలో ఆ చట్టం పైకి చదవండి. పెద్దలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పండి.