చౌరస్తా పాటగాండ్రు

నేడు నేను మీకు మనవి చేయదలచినది చౌరస్తా అను పేరుగల యొక పాటగాండ్ర జట్టును గూర్చి. ఇది హైదరాబాదు నగరమున పుట్టినది. సినిమా నాశ్రయింపక, తమ మాటలు తామే వ్రాసికొని, తమ వరుసలు తామే కట్టుకొని, తామే పాడి జనమునకు వినిపించిన యువకుల జట్టు. ఇట్టి జట్టును బ్యాండు అందురు. మనకు బ్యాండనగా పెండ్లి యూరేగింపున బాకాలూదు మేళము జ్ఞప్తికి వచ్చును. ఇది యట్టిది కాదు. తంబురా పట్టిన కథకుడొకడు, డక్కీలు పట్టిన వంతలిద్దరు గల బుర్రకథ దళమును తలచుకొనుడు. దానికి దగ్గరి చుట్టమిది. ఒకడు పాడును, ఒకడు గిటారు మీటును, ఒకడు డ్రమ్ములు వాయించును. పాట మాత్రము అందరిది.

ముందుగా పేరును విచారింతము. చౌరస్తా యనగా నాలుగు త్రోవలు గలియు చోటు. సంస్కృతమున చతుష్పథమనియు, శృంగాటకమనియు, తెలుగున కూడలియనియు నందురు. నేను కాపురముండు హబ్సిగూడకు సమీపముననే ఉప్పల్ చౌరస్తా కలదు. 2017వ సంవత్సరము నవంబరు నెలలో మా పేట మీదుగా మెట్రో రైలు నడవ నారంభించినది. పైన రైలు పోవుచుండగా, క్రింద ఉప్పల్ కూడలిలో మూటాముల్లెలతో వరంగల్లు, యాదగిరిగుట్ట త్రోవల బస్సుల కొరకు కాచియుండు జనమును నేను చూచుచుందును. వారిలో పలువురు మీ యూళ్ల బిడ్డలే. ఈ జట్టునకు కీర్తి తెచ్చిన పాట, అట్లు నిలుచున్నవాని పాటయే.

ఆ పాట పేరు "ఊరెళ్ళిపోతా మామా". 2018 ప్రాంతమున యూట్యూబు ద్వారా జనమునకు చేరినది. పట్నమునకు వచ్చినవాడొకడు, ఎర్రబస్సెక్కి తన యూరికి మరలిపోదునని మామతో మొరపెట్టుకొనుట అందలి విషయము. రామ్ మిరియాల దానిని పాడెను. యశ్వంత్ నాగ్ మున్నగువారు జట్టుకు మూలస్తంభములైరి. బోనము, బతుకమ్మ, పంటచేను విడిచి వచ్చి, అద్దె గదిలో నలుగురితో పడుకొను కుర్రవాడు ఆ పాటలో తన గొంతును తాను వినెను. అందుచేతనే యది వాడవాడలకు ప్రాకినది.

దాని వరుస రెగ్గే యను పద్ధతిలోనిది. రెగ్గే 1960ల చివర జమైకా దీవిలో, బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారి సంతతి నడుమ పుట్టినది. 2018లో యునెస్కో దానిని మానవజాతి సంస్కృతీ సంపదలలో చేర్చినది. మన తాళశాస్త్రమున సమము, అతీతము, అనాగతము అను గ్రహభేదములున్నవి గదా. పాట యెత్తుగడ తాళపు దెబ్బతోనే పడుట యొకటి, అది తప్పించి పడుట మరియొకటి. రెగ్గేలో గిటారు మీట దెబ్బకును దెబ్బకును నడిమి ఖాళీలో పడును. నడకలో కుంటుపాటువలె దోచును, కాని పడిపోదు. ఇల్లు విడిచినవాని నడక అట్టిదే యగుటచే మాటకును వరుసకును పొత్తు కుదిరినది.

ఇది పరాయి వాద్యమని మనలో కొందరు ముఖము చిట్లింపవచ్చును. మా పేట పేరుననే హబ్షీలున్నారు. హబ్షీ యనగా అబిసీనియా దేశస్థుడు. నిజాము కొలువున ఆఫ్రికా వంశీయుల అశ్వదళ ముండెడిది. వారు నివసించిన పేట నేటికిని ఏ.సి. గార్డ్సు అనబడుచున్నది. వారి సంతతి వాయించు మర్ఫా హైదరాబాదు పెండ్లిండ్లలో మ్రోగుచునే యున్నది. ఆఫ్రికావారి మ్రోత యొకవైపు సముద్రము దాటి జమైకాకును, మరియొకవైపు దాటి మన నగరమునకును వచ్చినది. కావున మన పిల్లలు దానిని ఎత్తుకొనుట వింతయు కాదు, దోషమును కాదు.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతయు తలుపులు మూసికొన్నది. అప్పుడీ జట్టువారు కరచాలనము మాని దూరముగా నుండి నమస్కరింపుడని బోధించు పాట నొకదానిని వెలువరించిరి. వైద్యుడు చెప్పిన మాట చెవికెక్కనివారికిని పాటగా చెప్పిన మాట యెక్కినది. పూర్వము దండోరా వేయువాడు చేసిన పని యిదియే.

అటుపిమ్మట రామ్ మిరియాల జట్టును వీడెను. 2021లో జాతిరత్నాలు చిత్రమునకు "చిట్టి" పాట పాడెను. 2022లో డీజే టిల్లు చిత్రపు పేరుపాటకు వరుస కట్టి తానే పాడెను. మిగిలినవారు చౌరస్తా పేరును విడువక సభలలో పాడుచు వచ్చిరి.

జట్టులోని గొంతు పోయినప్పుడు ఆ పేరు గతి యేమి యను ప్రశ్న లోకమంతట నున్నదే. ఐర్లండు దేశమున లిమెరిక్ అను పట్టణమున 1989లో క్రాన్‌బెర్రీసు అను జట్టు పుట్టినది. మరుసటి యేడు డొలొరెస్ ఒరియార్డన్ అను యువతి గాయనిగా చేరగా దాని కీర్తి ఖండాంతరములకు పోయినది. 2018 జనవరిలో ఆమె అకస్మాత్తుగా మరణించెను. మిగిలిన మువ్వురు, ఆమె అంతకుముందే పాడియుంచిన గొంతునకు తమ వాద్యములను జోడించి, 2019లో కడపటి సంపుటమును వెలువరించి, ఆ పేరును విరమించిరి. మనవారు పేరును నిలుపుకొనిరి. రెండును ధర్మములే. అన్నదమ్ములు వేరుపడినపుడు ఇంటిపేరు చెడదు గదా. అయితే ఒక భేదమున్నది. అచ్చట జట్టును విడదీసినది మృత్యువు. ఇచ్చట సామాన్యముగా జట్లను విడదీయునది జీవనోపాధి. సొంత పాటను జనులు ఫోనులో ఊరకే విందురు. సినిమా పాటకైనచో నిర్మాత ముందే సొమ్ము చెల్లించును. కావున సినిమాకు పోయినవానిని నిందించుట న్యాయము కాదు.

2023లో వచ్చిన బలగము చిత్రమును మీలో పలువురు ఊరి నడుమ తెర కట్టి చూచియే యుందురు. అందు పల్లెటూరిని వర్ణించు పాటను మంగ్లితో కలసి పాడినవాడు ఈ రామ్ మిరియాలయే. భీమ్స్ సిసిరోలియో వరుస కట్టెను. వ్రాసిన కాసర్ల శ్యామ్‌గారికి 2023వ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారము 2025లో ప్రకటింపబడినది. ఊరెళ్ళిపోతానని పాడిన గొంతే ఊరిని పాడినది. ఆ చిత్రపు చివర, చచ్చినవానిని తలచి పాడి విడిపోయిన కుటుంబమును కలిపిన దంపతులు మొగిలయ్య, కొమురమ్మ. వారు బుడగజంగములు, కులవృత్తిగా పాడువారు. మొగిలయ్య మూత్రపిండముల వ్యాధిచే బాధపడి, 2024 డిసెంబరులో వరంగల్లున కన్నుమూసెను.

పెద్దలారా, ఇక్కడ కొంచెము నిలిచి యోచింపుడు. నగరపు యువకుని గొంతును, జంగము దంపతుల గొంతును మనకు గొప్పగా వినిపించినది సినిమాయే. జంగములు మన వాకిళ్లలోనే తరతరములుగా పాడిరి. అప్పుడు మనము వేసినది దోసెడు గింజలు. తెరమీద చూచిన పిదప మాత్రము కన్నీరు కార్చితిమి. సినిమా యొక్క గడప దాటినగాని పాటకు విలువ లేదన్నచో, దాటలేని జట్లన్నియు చెదరిపోవును. ఒగ్గుకథవారు, డప్పువారు, కోలాటపు పిల్లలు, చౌరస్తావంటి యువకులు, అందరిదియు ఒకే గతి.

కావున నాదొక విన్నపము. జాతరకును పెండ్లికిని డీజే పెట్టెలకు వేలకు వేలు పోయుచున్నారు. ఆ లెక్కలో కొంత తీసి, పాడు మనుష్యులకు కేటాయింపుడు. పిలుచునపుడే సొమ్ము మాటాడి, కొంత బయానా యిచ్చి, భోజనము పెట్టి పంపుడు. మీ యూరి పిల్లలు జట్టు కట్టినచో సాయంకాలము బడి వసారా వారి కిప్పింపుడు. పాట యెవరిది, వచ్చిన సొమ్మున ఎవరి పాలెంత యని మొదటనే కాగితముమీద వ్రాసికొనుమని వారికి చెప్పుడు. మన కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ, సినిమా పాటల విషయమున సైతము, మాట వ్రాసినవారికిని వరుస కట్టినవారికిని రాబడిలో పాలు కలదని చెప్పుచున్నది. ఈ సంగతి తెలిసిన జట్టు తగవులాడక నిలుచును.

పట్నమునకు పోయిన మీ బిడ్డ పండుగకు ఎర్రబస్సు దిగినపుడు, ఊరి నడుమ పెట్టెల హోరు వినుటయా, తన ఈడువారు పాడు పాట వినుటయా యనునది మీ పంచాయతీ నిర్ణయములోనిది. ఈ సంవత్సరపు జాతర లెక్క వ్రాయునాడు ఈ మాట జ్ఞప్తికి తెచ్చుకొందురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.