కొండ చూడ్డానికి రండి, కొండ కొనడానికి కాదు



చలికాలం వచ్చిందంటే మన మన్యం దారులన్నీ కార్లే. లంబసింగిలో చలి, వంజంగిలో మబ్బులు, అరకులో వలిసె పూలు, బొర్రా గుహలు, కటికి జలపాతం, చాపరాయి. తెల్లారకముందే టార్చిలైట్లు పట్టుకొని కొండెక్కుతారు. రాత్రయితే టెంట్లు, చలిమంటలు, బొంగు చికెన్, థింసా. వచ్చేవాళ్ల మీద మనకు కోపం లేదు. గుమ్మంలోకొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వకుండా పంపే అలవాటు మనకు లేదు.

నేనడిగేది ఒక్కటే. కొండ మనది, వాగు మనది, ఆట మనది. మరి గల్లాపెట్టె ఎవరిది?

మన పిల్లడు టెంట్ల దగ్గర ప్లేట్లు కడుగుతున్నాడు. మన అక్కలు థింసా ఆడితే చేతిలో పెట్టేది కూలి డబ్బులు. వలిసె చేలో దిగి ఫొటోలు తీసుకునేవాళ్లకు అది నూనెగింజ పంట అని, తొక్కితే ఒక ఇంటి కష్టం పోతుందని తెలీదు. వాళ్లు వదిలిన సీసాలు, ప్లాస్టిక్ మనం తాగే వాగులోకే వస్తాయి.

ఇంకో ప్రమాదం కనపడకుండా వస్తుంది. "కాయితం నీ పేరు మీద, పెట్టుబడి నాది" అంటూ ఒకాయన వస్తాడు. తమ్ముళ్లూ, ఆ కాయితం మీద సంతకం పెట్టొద్దు. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి భూమి అమ్మకం చెల్లదు. లీజు, తాకట్టు కూడా అంతే. భూమి మారాలంటే గిరిజనుడికి మారాలి, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మారాలి.

బొర్రా గుహలు చూసి వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ అనంతగిరి మండలం గ్రామాల్లో ఇచ్చిన గనుల లీజుల మీదే సమత కేసు నడిచింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. గని తవ్వేవాడికి వర్తించిన న్యాయం రిసార్టు కట్టేవాడికి ఎందుకు వర్తించదు? 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట బయటికి రాగానే ఏజెన్సీ అంతా బంద్ చేశాం. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. అది మన ఐక్యత బలం.

అడ్డుకోవడంతో మన పని అయిపోలేదు. ఊరి అభివృద్ధి ప్రణాళికకు గ్రామసభ ఆమోదం కావాలని, భూసేకరణకు ముందు సంప్రదించాలని 1996 పీసా చట్టం చెబుతోంది. కాబట్టి గ్రామసభ పెట్టండి. టెంట్లు ఎక్కడ వేయాలి, కొండ మీదికి రోజుకు ఎంతమంది పోవాలి, పార్కింగ్ డబ్బు ఎవరికి చేరాలి, చెత్త ఎవరు దించాలి, అన్నీ తీర్మానం రాయించండి. ఊరి యువత కలిసి సహకార సంఘం పెట్టుకోండి. దారి చూపే గైడూ మనమే, వంట మనదే, లెక్కల పుస్తకమూ మన దగ్గరే ఉండాలి. చదువుకున్నోళ్లం ఇంతమందిమి ఉన్నాం, ఆ లెక్క రాయలేమా?

వ్యూపాయింట్ దాకా తారురోడ్డు వేయగలిగిన సర్కారు, పక్క కొండ మీద గర్భిణిని ఇంకా డోలీలో ఎందుకు మోయిస్తోంది? ఈ ప్రశ్న ప్రతి గ్రామసభలో, ప్రతి అధికారి ముందు అడగండి. పర్యాటకం వల్ల రోడ్డు వస్తుందని మనకు చెబుతారు. ఆ రోడ్డు ముందు మన ఊరికి రావాలి.

చూడ్డానికి వచ్చేవాళ్లు చూసి పోతారు. ఉండేది మనం. జల్ జంగల్ జమీన్ మనవి.

జై ఆదివాసీ! జోహార్!