పాత క్యాసెట్టు - కొత్త సంచి



ఒకప్పుడు పిఠాపురంలో తెల్లవారితే గుడి మైకులో భక్తి పాట. పెళ్లి పందిట్లో సినిమా పాట. సాయంత్రం అరుగు మీద బుర్రకథ. ఇవన్నీ క్యాసెట్టులోంచే వచ్చేవి. ఇప్పుడు పాటలు సెల్‌ఫోనులో వస్తున్నాయి. క్యాసెట్లు అటకెక్కాయి.

వాటిని కాల్చేద్దామా? వద్దు. టేపు ప్లాస్టిక్కు. కాలిస్తే చెడ్డ పొగ వస్తుంది. దిబ్బ మీద పారేద్దామా? అదీ వద్దు. గేదె మేస్తే పొట్టలో చుట్టుకుంటుంది. మరేం చెయ్యాలి? ఆ టేపుతో సంచి అల్లుకోవచ్చు.

ఈ క్యాసెట్టును 1963లో ఫిలిప్స్ కంపెనీవారు తెచ్చారు. గంటసేపు పాడే క్యాసెట్టులో సుమారు 90 మీటర్ల టేపు ఉంటుంది. దాని మీద గోధుమ రంగు పూత ఉంటుంది. అది ఇనుప తుప్పు జాతి పొడి. మనిషి గొంతు ఆ పూతలోనే నిలుస్తుంది. టేపు పీకి అల్లేస్తే ఆ గొంతు ఇక వినపడదు.

అందుకే తొందరపడకండి. ముందు క్యాసెట్టు మీది కాగితం చదవండి.

గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు పనికోసం కువైట్, మస్కట్, దుబాయి వెళ్లారు. ఉత్తరం రాయడం రానివాళ్లు కొందరు తమ మాటలు క్యాసెట్టులో నింపి ఇంటికి పంపేవారు. అదే వాళ్ల ఉత్తరం.

ఒక ఇల్లు అనుకుందాం. కోడలు అటక సర్దుతోంది. పది క్యాసెట్లు దొరికాయి. తొమ్మిదింటి మీద సినిమా పేర్లు అచ్చు వేసి ఉన్నాయి. పదోదాని మీద పెన్నుతో రాసి ఉంది. ఆమె కూడబలుక్కుని చదివింది. "అ-మ్మ-కు." ఆగిపోయింది. ఆడబిడ్డ కువైట్ నుంచి పంపిన క్యాసెట్టు అది. చదువు రాకపోతే ఆమెకు పదీ ఒకటే. పదీ విప్పేసేది.

పెన్నుతో రాసినవీ, ఏమీ రాయనివీ పక్కన పెట్టండి. టేపురికార్డరు ఉన్నవారింట్లో వినండి. మనవాళ్ల గొంతు ఉంటే పక్కన సెల్‌ఫోను పెట్టి రికార్డు చేయించుకోండి. ఆ క్యాసెట్టు దాచుకోండి. పనికిరానివే విప్పండి.

ఇక సంచి సంగతి. నర్సాపురం వైపు లేసు అల్లే కొక్కెం సూది తెలుసు కదా? అదే కావాలి. కాస్త లావుది తీసుకోండి.

1. మూలల్లో మరలు ఉంటే విప్పండి. మరలు లేకపోతే అంచున కనిపించే టేపు పట్టి లాగండి.

2. టేపును అట్టముక్కకు చుట్టుకుంటూ రండి. కుప్ప పోస్తే చిక్కు పడుతుంది.

3. పొడిగుడ్డతో తుడవండి.

4. రెండు పోగులు కలిపి జానెడు గొలుసు అల్లండి. దాని మీద వరస మీద వరస వెయ్యండి. గట్టిగా లాగకండి. టేపు సాగుతుంది.

5. మూరెడు పొడవు వచ్చాక మధ్యకు మడవండి. పక్కలు దారంతో కుట్టండి. పైన గుండీ పెట్టండి.

చిల్లర సంచి తయారు! నల్లగా నిగనిగలాడుతుంది.

అమెరికాలో ఆలిస్ సాంటోరో అనే కళాకారిణి పాత టేపును దారంతో కలిపి మగ్గం మీద బట్టగా నేయించారు. మరి పిఠాపురం పక్కనే ఉప్పాడ ఉంది. జాందానీ చీరలు నేసే ఊరు. ఇక్కడి చేతులకు అల్లిక ఒకరు నేర్పాలా?

రెండు జాగ్రత్తలు. ఈ సంచిలో తినే వస్తువులు పెట్టకండి, పూత రాలుతుంది. విడి టేపు పసిపిల్లలకు అందనివ్వకండి, మెడకు చుట్టుకుంటుంది.

ఇంటికి వెళ్లి క్యాసెట్లు దించండి. ముందు చదవండి. తర్వాత వినండి. ఆ తర్వాతే విప్పండి.