కణముల జమాఖర్చు



లెక్కలు వ్రాసికొనువాడు వైద్యమును గూర్చి మాటలాడుట సాహసమే. కాని అండాశయపు కాన్సరుతో బాధపడిన మా వదినెగారు "మొదటిసారి కరగిన గడ్డ అదే మందుకు ఈసారి ఎందుకు కరగలేదు మరిదీ?" అని యడిగిన ప్రశ్నయే నన్ను మన గ్రంథాలయపు బల్లకడకు ఈడ్చుకొని వచ్చినది. తెలిసికొన్నంత విన్నవించెదను.

ఈ వ్యాధి గుట్టుగా పెరుగును. కడుపుబ్బరము, రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి – వీనిని వాయువని స్త్రీలు సరిపెట్టుకొందురు. అందువలన పెక్కుమందిలో అది కడుపంతయు ప్రాకిన పిదపనే బయటపడుచున్నది. అప్పుడు శస్త్రచికిత్సయు, ప్లాటినపు మందులును.

ఈ మందు దొరకిన విధము విచిత్రము. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు బాక్టీరియాపై విద్యుత్తు ప్రభావమును పరీక్షించుచుండగా, అవి విభజన మాని పొడవుగా సాగినవి. కారణము విద్యుత్తు కాదనియు, ప్లాటినపు కడ్డీలనుండి కరగిన పదార్థమనియు ఆయన 1965లో ప్రకటించెను. అదియే సిస్‌ప్లాటిన్‌కు దారితీసినది. 1978లో అచట వైద్యమునకు అనుమతి లభించినది. ఈ మందు కణములోని డి.ఎన్.ఎ.కు ముడులు వేసి దానిని చంపును.

మరి చావక మిగిలిన కణము ఏమి చేయును? చెడిన డి.ఎన్.ఎ.ను బాగుచేసికొనును. వచ్చిన మందును బయటికి నెట్టును. గ్లూటాథియోన్ అను పదార్థముతో దానిని కట్టివేయును. ఇవన్నియు ఖర్చులే. ఖర్చు కనబడినచోట జమ వెదకుట మా వృత్తిధర్మము.

కణపు ఖర్చులకు చెల్లు నాణెము ఎ.టి.పి. 1929లో దానిని కనుగొన్నవారిలో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఆ దశాబ్దముననే జర్మనీలో వార్‌బర్గ్, గడ్డలు ప్రాణవాయువు ఉన్నను చక్కెరను పులియబెట్టి వాడుకొనునని చూపెను. చాలకాలము అందఱును ఆ ఖాతానే తిరుగవేసిరి. కాని మందునకు లొంగని అండాశయ కాన్సరు కణములలో పెక్కింటికి వేఱొక ఖాతా కూడ కలదు: క్రొవ్వును మైటోకాండ్రియాలలో కాల్చుకొనుట. యజ్ఞప్రకరణములు చదివినవారు 'వప' యను మాట నెఱుగుదురు. ప్రేగులపై పఱచుకొన్న క్రొవ్వుపొర యది. ఈ కాన్సరు ప్రాకుటకు మిక్కిలి అనువైన తావు ఆ వపయే. అచటి క్రొవ్వుకణములు కాన్సరు కణములకు ఆహారమందించునని 2011లో షికాగో విశ్వవిద్యాలయమువారు చూపిరి. చెరువెండినను పెరటిబావి యున్న రైతు మడి నెండనీయడు గదా!

కావున ప్లాటినము నిచ్చుచునే ఆ బావిని పూడ్చవలెనని నేటి యత్నము. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాల పనిని మందగింపజేయును గనుక, దానిని కీమోథెరపీతో జోడించి పరీక్షించిరి. ఇంకను అది ఈ వ్యాధికి స్థిరపడిన చికిత్స కాలేదు. చిక్కు ఏమనగా, మన గుండెయు, కండరములును నీరు త్రాగునది ఆ బావిలోనే. ఈ త్రోవయు క్రొత్తది కాదు. సుబ్బారావుగారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్, ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించునది. 1948లో బోస్టనున ఫార్బర్ దానితో రక్తకాన్సరు గల పసిపిల్లలకు ఉపశమనము కలిగించినట్లు ప్రకటించెను. అదియు కొంతకాలమే. అచటను కణములు తిరుగబడినవి.

ఒకరు ఈ శాస్త్రమును సగము విని, చక్కెరయు అన్నమును మానినచో కాన్సరు మలమలమాడి చచ్చునని మా వదినెగారికి బోధించిరి. రెండు వారములలో ఆమె మంచము దిగలేకపోయిరి. తిండి మానినను, కండరములను కరగించియైనను కాలేయము రక్తమునకు చక్కెర జమకట్టుచునే యుండును. శుష్కించునది మనిషి. డాక్టరుగారు గట్టిగా మందలించిన మీదట మరల అన్నము పెట్టితిమి. ఆమె కొంచెము కోలుకొన్న పిదప ఈ లెక్క యంతయు చెప్పితిని. ఆలకించి, "అయితే మరిదీ, నా గాదెలో ధాన్యమే దొంగకు కొలిచి పోశానన్నమాట" అని నవ్విరి.