సెలవులలో ఆటకు వేళ



సెలవు అను మాటకు మన భాషలో అర్థములు పెక్కు. పెద్దలు ఒక మాట చెప్పినచో 'సెలవిచ్చిరి' అందుము. పనికి పోనక్కరలేని దినమును సెలవందుము. అనుజ్ఞ పుచ్చుకొని లేచిపోవునపుడును సెలవే. ఇవి అందరికిని తెలిసినవి. పాత నిఘంటువులు తిరుగవేసినచో మరియొక అర్థము కనబడును. సెలవు అనగా వ్యయము. సొమ్ము సెలవైనదనగా ఖర్చయినదని భావము. నేటి నా ప్రసంగమునకు ఈ కడపటి అర్థమే మూలము. సెలవు దినము ఊరక వచ్చి ఊరక పోవునది కాదు. అది మనము వ్యయము చేయు దినము. కుటుంబముతో కూడి నాలుగు దినములు హాయిగా గడుపుదమని బయలుదేరిన వానికి, సరిగా ఆ దినములలోనే ఎక్కడనో ఒక గొప్ప ఆట జరుగుచున్నదని తెలిసినచో, ఆ వ్యయమును గూర్చిన ప్రశ్న మిక్కిలి పదునుగా ఎదురగును.

బోధను ప్రాంతమువారికి సెలవు విలువ యెరిగించనక్కరలేదు. 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరము మంజీర నీటిని ఈ పొలములకు మళ్లించెను. నీటి వెంట చెరకు వచ్చెను. చెరకు వెంట 1937లో స్థాపితమైన నిజాము చక్కెర కర్మాగారము వచ్చెను. చెరకునకు ఒక స్వభావము కలదు. నరికిన తరువాత అది ఎవరికొరకును ఆగదు. దినదినమునకు దానిలోని చక్కెర తరిగిపోవును. కావున గానుగ ఆడు కాలమున, అనగా చలి మొదలుకొని ఎండలు ముదురు వరకును, యంత్రములు రేయింబవళ్లు తిరుగవలసినదే. ఎనిమిదేసి గంటల చొప్పున మూడు వంతులుగా మనుష్యులు మారుచుండిరి గాని యంత్రము నిలువలేదు. సంక్రాంతి వచ్చినను, ఎక్కడనో గొప్ప పోటీ జరిగినను, వంతు వచ్చినవాడు పనిలోనికి పోవలసినదే. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. దాని కూతతో లేచి దాని కూతతో పండుకొనిన ఇండ్లలో, సెలవు అనునది తీరికగా కాక, వంతు తప్పించుకొని సంపాదించిన సొత్తుగా ఎంచు అలవాటు మాత్రము మిగిలియున్నది. అది మంచి అలవాటే.

ఇక ఆట సంగతి. బోధనునకు దాపున హున్సా అను గ్రామము కలదు. హోళీ పండుగనాడు అక్కడ మొదట కుస్తీ పోటీలు జరుగును. ప్రొద్దు వ్రాలు వేళకు గ్రామస్థులు రెండు జట్లుగా చీలి, నడుమ కట్టిన త్రాటి కిరువైపుల నిలిచి పిడికిళ్లతో గ్రుద్దుకొందురు. దీనికి పిడిగుద్దులాట యని పేరు. నూరేండ్లకు మించిన ఆచారమని చెప్పుదురు. కొంత సేపే జరుగును. ముగిసిన పిమ్మట గ్రుద్దినవాడును గ్రుద్దించుకొనినవాడును కౌగిలించుకొందురు. దెబ్బలకు కామదహనపు బూడిద పూసికొందురు. ఈ ఆటను వలదన్న అధికారులును గలరు, విడువమన్న గ్రామస్థులును గలరు. ఆ వాదములోనికి నేను పోను. నాకు ముఖ్యమైనది దాని వేళ. చంద్రుడు తిథి నిర్ణయించును, సూర్యుడు గడియ నిర్ణయించును. ఊరిలోని వారందరికిని ఆ గడియకు పని ఉండదు. ఎవరి వేళను ఎవరును దొంగిలింపనక్కరలేదు. చూచుటకు తీరిక యెట్లను ప్రశ్నయే అక్కడ పుట్టదు. పూర్వము ఆటయు సెలవును కవలపిల్లలుగా పుట్టినవి.

ఈ కవలలను దూరదేశపు ఆటలు విడదీసినవి. ఆట ఒక దేశమున, చూచువాడు మరియొక దేశమున. అక్కడి పగలు ఇక్కడి రాత్రి. అయినను ఇందులో ఒక క్రమము కలదు; దానిని గుర్తుంచుకొనినచో సగము చిక్కు తీరును. తూర్పున జరుగు ఆటలు మనకు తెల్లవారుజామున వచ్చును. పడమట జరుగునవి రాత్రి వచ్చును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్నున జరుగు టెస్టు క్రికెట్టు మనకు వేకువ ఐదు గంటలకే ఆరంభమగును. 2024 జూన్ 29న బార్బడోసు ద్వీపమున, ఇరువది ఓవర్ల ప్రపంచ కప్పు తుదిపోటీలో మనవారు దక్షిణాఫ్రికాను 7 పరుగులతో గెలిచిరి. అక్కడ ఉదయము పదిన్నరకు మొదలిడిన ఆ ఆట మనకు రాత్రి ఎనిమిది గంటలకు మొదలయ్యెను. కావున సెలవులలో నున్నవానికి తూర్పు ఆట మిక్కిలి అనుకూలము. ఇల్లెల్ల నిద్రించు వేళ వాడు మేల్కొని చూచి, పిల్లలు లేచునప్పటికి వారికి దక్కవచ్చును. తన నిద్ర తప్ప వేరెవరి సొమ్మును వ్యయము కాదు.

వేళ తెలిసిన తరువాత కొలత తెలియవలెను. ముష్టియుద్ధము మూడేసి నిమిషముల సుత్తులు మూడు, నడుమ నిమిషము చొప్పున విశ్రాంతి రెండు, వెరసి పదునొకండు నిమిషములు. కబడ్డీ ఇరువదేసి నిమిషముల భాగములు రెండు. ఫుట్‌బాలు తొంబది నిమిషములు, నడుమ పావుగంట. ఏబది ఓవర్ల క్రికెట్టు దాదాపు పూర్తి దినము. అయితే కొలతను నమ్మి కూర్చుండరాదు. 2022 డిసెంబరు 18న కతారు దేశమందలి లుసైలు నగరమున జరిగిన ఫుట్‌బాలు తుదిపోటీ, మనకు రాత్రి ఎనిమిదిన్నరకు ఆరంభమై, తొంబది నిమిషములలో తేలలేదు. అదనపు అరగంటలోను తేలలేదు. మూడు గోలులకు మూడు గోలులై నిలిచి, కడకు పెనాల్టీలలో అర్జెంటీనా ఫ్రాన్సును 4–2గా గెలిచెను. రెండు గంటలలో ముగియునని పదిన్నర బండికి టిక్కెట్టు కొనినవాడు ఆ శతాబ్దపు ఉత్తమక్రీడలలో ఒకదాని తుది ఘట్టమును ప్లాట్‌ఫారము మీద ఇతరుల కేకలలో వినవలసినదే.

ఇట్లు లెక్క వేసికొనుట యంత్రమునకును సాధ్యమే. మనుష్యునకు మాత్రమే తెలియవలసిన లెక్క మరియొకటి కలదు. 2023 నవంబరు 19 ఆదివారము. అహమ్మదాబాదున ప్రపంచ కప్పు క్రికెట్టు తుదిపోటీ, భారతమునకును ఆస్ట్రేలియాకును. ఆట మధ్యాహ్నము రెండు గంటలకు. అది కార్తీక మాసము. ఆదివారములందు ఉసిరిచెట్టు నీడకు వనభోజనములకు పోవు కాలము. అలీసాగరమునకో, కందకుర్తి త్రివేణీ సంగమమునకో పోవు కుటుంబమును తలంచుకొనుడు. పురుషులు రెండు గంటలలోగా తిరిగి రావలెనందురు. రెండింటికి తిరిగి రావలెనన్నచో పదునొకండింటికి వంట ముగియవలెను. పదునొకండింటికి వంట ముగియవలెనన్నచో స్త్రీలు నాలుగింటికి లేవవలెను. ఆటకు వేళ దొరకినదని పురుషుడు సంతసించును. ఆ వేళ ఎక్కడనుండి వచ్చినది? భార్య నిద్రలోనుండి వచ్చినది. మధ్యాహ్నము నుండి రాత్రి వరకు టెలివిజను ముందు కూర్చుండిన పది మందికి నాలుగు మారులు తేనీరు కావలెను. అది కూడ ఎవరి సెలవులోనుండియో రావలెను. ఆ దినమున మనవారు 240 పరుగులకే ఔటయిరి. ఆస్ట్రేలియా ఆరు వికెట్లతో గెలిచెను. ఓడినందుకు పలువురు కన్నీరు పెట్టిరి. వంటయింటిలో వ్యయమైన సెలవునకై కన్నీరు పెట్టినవారిని నేను చూడలేదు.

దీనికి విరుగుడు ఆట చూడకుండుట కాదు. పనిని పంచుకొనుట యొకటి, ఆటను పంచుకొనుట యొకటి. ముందునాడే పులిహోర కలిపి ఉంచుకొనినచో, తేనీరు కాచు వంతును కర్మాగారపు వంతులవలె మార్చుకొనినచో, అందరును కూర్చుండవచ్చును. స్త్రీలకు ఆటలు పట్టవందురు కొందరు. ఈ మాట నిజామాబాదు జిల్లాలో చెల్లదు. ఈ నగరమున పుట్టి పెరిగిన నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబులున థాయిలాండు వనితను 5–0గా ఓడించి ముష్టియుద్ధమున ప్రపంచ విజేత యయ్యెను. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాము వనితను గెలిచి రెండవమారు ఆ గౌరవము నందెను. పదునొకండు నిమిషముల ఆట! ఏ ఇంటను ఏ పనియు చెడదు. పొయ్యి మీది పప్పు ఉడుకునంతలో ముగియును. ఇంటిలోని ఆడపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడదగిన ఆట అది. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్సునందు ఆమె చైనా వనిత చేతిలో ఓడెను. ఆ ఓటమిని కూడ పిల్లలతో కూర్చుండి చూచినవారు వ్యర్థము చేసికొనలేదనుకొందును. మనవారు ఓడినప్పుడు ఎట్లు లేచి నిలిచి ఎదుటివారికి చేయి అందింతురో బడిలో నేర్పుటకు వీలులేదు, చూచియే నేర్చుకొనవలెను.

అందరికంటె కఠినమైన లెక్క గల్ఫు దేశములనుండి వచ్చువారిది. ఈ జిల్లానుండి పోయినవారు వేలమంది దుబాయి, సౌదీ, కతారు దేశములలో పని చేయుచున్నారు. రెండేండ్ల కొకమారు ఒక నెలయో రెండు నెలలో దొరకును. వారు దానిని ఛుట్టీ యందురు. వచ్చిన మొదటి వారము చుట్టములకు, తరువాత వైద్యునికి, బ్యాంకునకు, ఇంటి మరమ్మతునకు పోవును. మిగిలినది ఎంత? అందులో ఒక పూట ఆటకు పోయినచో తల్లి మనస్సు నొచ్చుకొనును. అట్లు వచ్చిన ఒక యువకుని నేనెరుగుదును. ఆ రాత్రి గొప్ప ఆట యున్నదే, చూడవా యని యడిగితిని. "ఆట క్యాంపుల గూడ కనవడతది పెద్దనాయనా, అమ్మ కనవడదు గద" అనెను. ఈ మాటలో ఒక గొప్ప సూత్రము కలదు. ఎక్కడ నున్నను చూడదగిన ఆటకు సెలవు వ్యయము చేయరాదు. ఇక్కడ తప్ప కానరాని దానికే చేయవలెను. హున్సా కుస్తీ క్యాంపులో కానరాదు. బడి వార్షికోత్సవమున తన కూతురు ఆడు ఖోఖో కానరాదు. వానికి అవియే ప్రపంచ కప్పులు.

అయినను ఈ సూత్రమునకు మినహాయింపు లేకపోలేదు. 2022 డిసెంబరు 18 కతారు దేశపు జాతీయ దినము. అది వారికి సెలవు. కతారు క్రీడారంగములను కట్టిన కూలీలలో తెలంగాణమువారును గలరు. అక్కడ నున్నవాడు తాను ఇసుక మోసిన గోడలను టెలివిజనులో చూచెను. ఇక్కడ వాని తండ్రియు అదే గడియలో అవే గోడలను చూచెను. రెండున్నర గంటల అంతరము, సముద్రమంత దూరము, ఒకే ఆట. అట్టి వేళ ఆట చూచుట కుటుంబమును విడుచుట కాదు, కలిసికొనుటయే.

కావున ఉపదేశముగా కాక, అనుభవముగా నాలుగు మాటలు చెప్పుదును. ప్రయాణమునకు టిక్కెట్టు కొనకముందే ఆట తేదీని, మన గడియారములోని వేళను చూచుకొనుడు. అన్ని ఆటలును చూడదలచినవాడు దేనిని చూడడు; ఒక్క దానిని ఎన్నుకొనుడు. ఎన్నుకొనినదానిని దాచక ఇంటిలో ముందే చెప్పుడు. రెండు గంటలు పుచ్చుకొనినచో, రెండు గంటలు తిరిగి యిండు. మీరు ఆట చూచిన పూటకు బదులుగా వారు కోరినచోటికి, కోరినంతసేపు, మొగము చిట్లింపక పోవలెను. ఇక కొన్ని చోట్ల ఆటను తలపనే కూడదు. బాసరలో సరస్వతీదేవి సన్నిధిని బిడ్డకు అక్షరాభ్యాసము చేయించుచు, కుడిచేత బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో ఓనమాలు దిద్దించుచు, ఎడమచేతి టెలిఫోనులో స్కోరు చూచు తండ్రులు నాకు కనబడిరి. ఆ బిడ్డ మొదట నేర్చినది ఓకారమో, ఓవరో దేవికే ఎరుక.

ప్రయాణములో నున్నవారికి రేడియో వ్యాఖ్యానము ఉత్తమమని నా అభిప్రాయము. రేడియోలో మాటాడుచున్నాడు గనుక పక్షపాతమందురేమో, కానిండు. వినుటకు చెవులు చాలును. చేతులు జొన్నరొట్టె చేయవచ్చును, కన్నులు గోదావరిని చూడవచ్చును. 1983 జూన్ 25 రాత్రి లార్డ్సు మైదానమున మనవారు వెస్టిండీసును గెలిచిన వార్తను ఎందరో అట్లే విని ఇల్లిల్లు తట్టి చెప్పిరి. ఆట వినినవాడు ఇతరులకు చెప్పగలడు. చెప్పినచో అది పదిమంది సొత్తగును.

చెరకు నరికిన మరునాడే రసము తరిగినట్లు, సెలవు దొరకిన మరుక్షణమునుండియే తరుగుచుండును. దానిని గానుగ కందించుట మన చేతిలో నున్నది. అందులో ఆటకు ఒక పాలుంచుడు. ఆ పాలు ఎవరి గిన్నెలోనుండి తీసితిమో మరువకుడు.

ఇక నాకు సెలవు.